పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 16కి మారాక క్వెరీలు నత్తనడక: ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాకెండ్_బాధితుడు · సోమవారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంట్. శనివారం రాత్రి మా ప్రొడక్షన్ డేటాబేస్‌ను పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 16కి మార్చాం. ఆదివారం అంతా ప్రశాంతం, ఎందుకంటే ఎవరూ వాడలేదు. ఈరోజు పొద్దున జనం లాగిన్ అవ్వడం మొదలుపెట్టగానే సీపీయూ వంద శాతానికి ఎక్కి అక్కడే కూర్చుంది.

మార్చిన పద్ధతి ఇదీ. కొత్త ఓఎస్‌తో కొత్త మెషిన్ తీసుకుని దాని మీద పాత సర్వర్‌కు వెర్షన్ 11లోనే ఒక రెప్లికా (ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయ్యే నకలు) పెట్టాం. అది పూర్తిగా అందుకున్నాక ప్రమోట్ చేసి (అసలు సర్వర్‌గా మార్చి), అక్కడే వెర్షన్ మార్చే టూల్ పీజీ_అప్‌గ్రేడ్‌ను లింక్ మోడ్‌లో (ఫైళ్ళను కాపీ చేయకుండా) నడిపాం. ఎర్రర్ ఒక్కటి రాలేదు. డేటా 600 జీబీ దాకా ఉంటుంది.

కస్టమర్ ఆర్డర్ల పేజీ ఇదివరకు క్లిక్ చేసిన వెంటనే వచ్చేది, ఇప్పుడు నలభై సెకన్లు. నెలవారీ రిపోర్టు టైమవుట్. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మేనేజరేమో "వెనక్కి వెళ్ళిపోదాం" అంటున్నారు. పాత మెషిన్ ఇంకా ఉంది. ఏం చేయమంటారు?

రాత్రిడ్యూటీ · 10:26

అప్‌గ్రేడ్ అయ్యాక అనలైజ్ (టేబుల్స్ గురించి స్టాటిస్టిక్స్ సేకరించే కమాండ్) నడిపారా?

బ్యాకెండ్_బాధితుడు · 10:29

విడిగా ఏమీ నడపలేదండి. వెనకాల దానంతటదే నడిచే ఆటోవాక్యూమ్ ఆన్‌లోనే ఉంది. అది చూసుకోదా?

రాత్రిడ్యూటీ · 10:41

ఇప్పట్లో చూసుకోదు. పీజీ_అప్‌గ్రేడ్ డేటాను తెస్తుంది, స్కీమాను తెస్తుంది. క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్ వాడే స్టాటిస్టిక్స్‌ను మాత్రం 17 వరకు ఏ వెర్షన్‌కూ తేలేదు. 18 నుంచే చాలావరకు తెస్తోంది. అంటే ఈ క్షణంలో మీ సర్వర్‌కు ఏ కాలమ్‌లో ఏ విలువ ఎన్నిసార్లు ఉందో తెలియదు.

తెలియనప్పుడు అది ఆగిపోదు, ఊహిస్తుంది. ఒక కాలమ్ గురించి ఏ సమాచారమూ లేకపోతే అందులో 200 రకాల విలువలు ఉంటాయని డీఫాల్ట్‌గా అనుకుంటుంది. మీ ఆర్డర్ల టేబుల్‌లో 20 కోట్ల వరుసలు ఉన్నాయనుకుందాం. "ఈ కస్టమర్ ఆర్డర్లు చూపించు" అంటే 20 కోట్లను 200తో భాగించి 10 లక్షల వరుసలు వస్తాయని లెక్కేస్తుంది. నిజానికి వచ్చేవి నలభయ్యో యాభయ్యో. 10 లక్షలకు సరిపోయే ప్లాన్ వేసి నలభై వరుసల కోసం టేబుల్ మొత్తం తిరిగొస్తుంది. మీ ఆర్డర్ల పేజీలో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ఇక ఆటోవాక్యూమ్ సంగతి. ఒక టేబుల్‌ను అది అనలైజ్ చేయాలంటే 50 వరుసలు, వాటిపైన టేబుల్‌లో 10 శాతం మారాలి. డీఫాల్ట్ అదే. అప్‌గ్రేడ్‌తో పాత కౌంటర్లు కూడా సున్నా అయిపోతాయి. 20 కోట్ల టేబుల్‌లో 2 కోట్ల వరుసలు మారేదాకా దానికి మీ టేబుల్ గుర్తే రాదు.

వాక్యూమ్‌డీబీ కమాండ్‌ను "అనలైజ్ ఇన్ స్టేజెస్" ఆప్షన్‌తో, అన్ని డేటాబేస్‌ల మీదా నడపండి. జాబ్స్ సంఖ్య మీ కోర్‌లను బట్టి పెంచుకోండి. మూడు విడతల్లో చేస్తుంది. మొదటి విడత టార్గెట్ (ఎంత వివరంగా సేకరించాలన్న అంకె) 1, తర్వాత 10, చివరికి మామూలు విలువ. మొదటి విడతకే చాలా పేజీలు ఊపిరి పీల్చుకుంటాయి.

బ్యాకెండ్_బాధితుడు · 10:45

600 జీబీ మీద అనలైజ్ అంటే సాయంత్రం దాకా పడుతుందేమో? పైగా ఇప్పుడు జనం లైవ్‌లో ఉన్నారు.

పాత_డీబీఏ · 10:52

పట్టదు. అనలైజ్ టేబుల్ మొత్తం చదవదు, శాంపిల్ తీసుకుంటుంది. స్టాటిస్టిక్స్ టార్గెట్ 100 ఉంటే 30,000 వరుసలు. టేబుల్ 1 జీబీ ఉన్నా 100 జీబీ ఉన్నా శాంపిల్ అంతే. అది పట్టుకునే లాక్ కూడా చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. ధైర్యంగా నడపండి.

ఒక్క హెచ్చరిక. ఈ విడతల పద్ధతి స్టాటిస్టిక్స్ అసలే లేనప్పుడు మాత్రమే. ఉన్న సర్వర్ మీద నడిపితే మొదటి విడత మంచివాటిని తీసేసి నాసిరకంవి పెడుతుంది, కాసేపు పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

వెనక్కి వెళ్ళడం గురించి మేనేజరు గారికి రెండు మాటలు చెప్పండి. లింక్ మోడ్‌లో కొత్త సర్వర్ ఒకసారి స్టార్ట్ అయ్యాక, ఆ మెషిన్ మీద ఉన్న పాత క్లస్టర్ (11 డేటా డైరెక్టరీ) ఇక పనికిరాదు, రెండూ ఒకే ఫైళ్ళను పంచుకుంటున్నాయి. పాత మెషిన్‌లో ఉన్నది శనివారం నాటి డేటా. పొద్దుటి నుంచి పడిన ఆర్డర్లన్నీ వదులుకుంటేనే వెనక్కి వెళ్ళగలరు.

ఇండెక్స్_పిచ్చి · 10:58

నా సలహా: అన్ని టేబుల్స్ మీదా వాక్యూమ్ ఫుల్, ఆపైన అన్ని ఇండెక్స్‌లూ రీఇండెక్స్, అంటే తిరిగి కట్టడం. మేజర్ అప్‌గ్రేడ్ తర్వాత నేను ఎప్పుడూ చేసేది అదే. శుభ్రంగా ఉంటుంది.

పాత_డీబీఏ · 11:03

వాక్యూమ్ ఫుల్ టేబుల్‌ను మొత్తం తిరగరాస్తుంది, అది అయ్యేదాకా ఆ టేబుల్‌ను చదవడానికి కూడా వీల్లేకుండా లాక్ వేస్తుంది. సోమవారం పొద్దున లైవ్ సర్వర్ మీద ఇవ్వాల్సిన సలహా కాదు స్వామీ. దయచేసి ఎవరూ చేయకండి.

ఇండెక్స్_పిచ్చి · 11:05

సరే, వాక్యూమ్ ఫుల్ వెనక్కి తీసుకుంటున్నా. రీఇండెక్స్ మాట మీద మాత్రం నిలబడతా. 13లో బీ-ట్రీ (మామూలు రకం) ఇండెక్స్‌లకు డీడూప్లికేషన్ (ఒకే విలువను పదేపదే దాచకపోవడం) వచ్చింది. 11 నుంచి తెచ్చుకున్న ఇండెక్స్‌లకు అది రీఇండెక్స్ చేస్తేనే వర్తిస్తుంది. ఒకే విలువ పదేపదే వచ్చే కాలమ్స్ మీద ఇండెక్స్ సైజు బాగా తగ్గుతుంది.

పాత_డీబీఏ · 11:08

అది నిజమే. కానీ అది లాభం, ఇప్పటి జబ్బుకు మందు కాదు. వచ్చే వారం చేసుకోవచ్చు.

బ్యాకెండ్_బాధితుడు · మధ్యాహ్నం 12:15

అనలైజ్ అయిపోయింది. నేను భయపడినంత సేపు పట్టనే లేదు. మొదటి విడత అవ్వగానే ఆర్డర్ల పేజీ మామూలైపోయింది. సీపీయూ దిగింది. రాత్రిడ్యూటీ అన్నకి శతకోటి వందనాలు.

అయితే ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు మూడు మిగిలాయి.

నెలవారీ రిపోర్టు 11లో అర నిమిషంలో వచ్చేది, ఇప్పుడు మూడు నిమిషాలు దాటి టైమవుట్ అవుతోంది. డాష్‌బోర్డులో చిన్న చిన్న క్వెరీలు కొన్ని ఇదివరకటికంటే పదింతలు నెమ్మది. ఇక ఐటమ్ కోడ్‌తో వెతికే పేజీ వింతగా ఉంది, ఒక్కోసారి డేటాలో ఉన్న కోడ్‌నే "దొరకలేదు" అంటోంది. ఈ మూడోది వేగం సమస్యేనా అన్నది కూడా అర్థం కావట్లేదు.

కొత్త_కోడర్ · 12:22

ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసి మళ్ళీ మళ్ళీ వాడే క్వెరీలు) వాడుతున్నారా? ఐదుసార్లు నడిచాక జెనరిక్ ప్లాన్‌కి (ఏ విలువకైనా ఒకటే ప్లాన్) మారే అవకాశం ఉంటుందని చదివాను. ప్లాన్ క్యాష్ మోడ్ సెట్టింగ్‌ను కస్టమ్ ప్లాన్‌కి బలవంతంగా పెట్టి చూడండి.

రాత్రిడ్యూటీ · 12:27

మంచి పాయింటే కానీ తమ్ముడూ, ఐదుసార్ల లెక్క 11లోనూ ఉంది. శనివారం లేని సమస్య సోమవారం వచ్చిందంటే, ఈ రెంటి మధ్య మారిన వాటినే ముందు వెతకాలి.

బాధితుడు గారూ, పాత మెషిన్ ఉంది కదా. రెండు చోట్లా పీజీ_సెట్టింగ్స్ వ్యూలో డీఫాల్ట్ కాని విలువలన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

బ్యాకెండ్_బాధితుడు · 12:50

చూశాను. పాతదాంట్లో షేర్డ్ బఫర్స్ (డేటాను దాచుకునే మెమరీ) 16 జీబీ, కొత్తదాంట్లో 128 ఎంబీ. వర్క్ మెమ్ (సార్ట్, జాయిన్ లాంటి ఒక్కో పనికి ఇచ్చే మెమరీ) పాతదాంట్లో 64 ఎంబీ, కొత్తదాంట్లో 4 ఎంబీ. ర్యాండమ్ పేజ్ కాస్ట్ (డిస్క్‌లో అక్కడక్కడా చదవడానికి ప్లానర్ వేసే ఖర్చు) 1.1 ఉండేది, ఇప్పుడు 4. ఇవన్నీ ఎటు పోయాయి?

రాత్రిడ్యూటీ · 12:58

ఎక్కడికీ పోలేదు, పాత డైరెక్టరీలోనే ఉన్నాయి. కొత్త క్లస్టర్‌ను ఇనిట్‌డీబీ కమాండ్ తయారుచేసినప్పుడు కొత్త కాన్ఫిగ్ ఫైలు పుడుతుంది. పీజీ_అప్‌గ్రేడ్ పాత కాన్ఫిగ్ ఫైలును ముట్టుకోదు, ఆల్టర్ సిస్టమ్‌తో పెట్టినవి కూడా రావు. ఆల్టర్ రోల్, ఆల్టర్ డేటాబేస్‌తో పెట్టినవి మాత్రం వస్తాయి. అందుకే కొన్ని సెట్టింగులు ఉన్నట్టూ కొన్ని లేనట్టూ కనిపించి మనిషిని గందరగోళపెడుతుంది.

పాత ఫైలును యథాతథంగా కాపీ కొట్టకండి. 11లో ఉన్న కొన్ని పేర్లు 16లో లేవు. వాల్ కీప్ సెగ్మెంట్స్ 13లో వాల్ కీప్ సైజ్ అయింది. స్టాట్స్ టెంప్ డైరెక్టరీ 15లో పోయింది. తెలియని పేరు ఫైల్లో కనిపిస్తే సర్వర్ స్టార్ట్ కానే కాదు. మీరు చెప్పిన విలువలను చేత్తో ఒక్కొక్కటిగా మార్చండి. షేర్డ్ బఫర్స్‌కు రీస్టార్ట్ కావాలి, మిగతా రెంటికీ రీలోడ్ చాలు.

సీక్వెల్_సర్వరోడు · 1:10

పక్క వీధి నుంచి ఒక మాట. మా మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ తలనొప్పి వేరే రూపంలో వస్తుంది. ఇంజిన్ కొత్తది పెట్టినా డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్ పాతదే ఉంటుంది. దాన్ని 120కి గానీ ఆ పైకి గానీ పెంచిన రోజు 2014లో వచ్చిన కొత్త అంచనా పద్ధతి అమల్లోకి వచ్చి ప్లాన్లు మారిపోతాయి. మేం లెవెల్ పెంచే ముందు క్వెరీ స్టోర్ ఆన్ చేసి కొన్నాళ్ళు పాత ప్లాన్లు పోగేసుకుంటాం. ఏదైనా క్వెరీ చెడితే పాత ప్లాన్‌నే వాడమని బిగించేస్తాం. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటిది లేదా?

పాత_డీబీఏ · 1:16

సర్వర్‌తో పాటే వచ్చేది లేదండి. విడిగా ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, కానీ దాని గురించి మొదలుపెడితే ఇంకో చర్చా దారం అవుతుంది.

బ్యాకెండ్_బాధితుడు · 2:30

సెట్టింగులు మార్చి, లంచ్ టైమ్‌లో ఒక రీస్టార్ట్ తీసుకున్నాం. మొత్తంగా సర్వర్ తేలికపడింది. డాష్‌బోర్డు క్వెరీలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. ఒకదానికి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీని నడిపి దాని ప్లాన్‌నూ సమయాలనూ చూపే కమాండ్) తీశాను. మొత్తం సమయం 312 మిల్లీసెకన్లు. కానీ ప్లాన్‌లో ఏ అడుగు చూసినా అంత సమయం కనిపించట్లేదు, అన్నీ కలిపినా 20 దాటవు. మిగతాది ఎటు పోతోంది?

లాగ్_చదువరి · 2:36

ప్లాన్ అట్టడుగున "జిట్" అని ఒక భాగం ఉందా? అందులో టైమింగ్ టోటల్ ఎంత?

బ్యాకెండ్_బాధితుడు · 2:39

ఉందండి! టోటల్ 287.

లాగ్_చదువరి · 2:51

అదే మీ దొంగ. జిట్ అంటే క్వెరీలో వచ్చే లెక్కలను అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా కంపైల్ చేయడం. 11లో ఈ సౌకర్యం వచ్చింది కానీ డీఫాల్ట్‌గా ఆఫ్. 12 నుంచి డీఫాల్ట్‌గా ఆన్. మీరు మధ్యలో ఉన్న వెర్షన్లను దాటేసి నేరుగా 16కి వచ్చారు కాబట్టి ఈ మార్పు మీకు ఈరోజే ఎదురైంది.

ప్లాన్ అంచనా ఖర్చు 1,00,000 దాటితే జిట్ మొదలవుతుంది. చూడండి, అంచనా ఖర్చే, అసలు ఖర్చు కాదు. గంటసేపు నడిచే క్వెరీకి పావు సెకను కంపైల్ చేయడం లాభమే. 20 మిల్లీసెకన్ల క్వెరీకి అదే పావు సెకను శుద్ధ దండగ. పార్టిషన్లు (టేబుల్ విభాగాలు) ఎక్కువున్న టేబుల్ అయితే ఇంకా ఘోరం, ఒక్కో పార్టిషన్ కోసం కంపైల్ చేయాల్సిన ముక్కలు పెరుగుతూ పోతాయి.

ముందు మీ సెషన్‌లో జిట్ ఆఫ్ చేసి అదే క్వెరీ మళ్ళీ నడపండి. తేడా కనిపిస్తే ఆ డాష్‌బోర్డు వాడే రోల్‌కి (డేటాబేస్ యూజర్ ఖాతాకి) మాత్రం ఆఫ్ చేయండి.

రాత్రిడ్యూటీ · 2:55

రోల్ ఏంటి మేడమ్, నేనైతే సర్వర్ మొత్తానికే ఆపేస్తా. చిన్న లావాదేవీలు ఎక్కువుండే చోట జిట్ వల్ల నాకు మేలు జరిగిన సందర్భం గుర్తు లేదు.

లాగ్_చదువరి · 3:02

మీ దగ్గర రిపోర్టులు లేవేమో. ఒకే సర్వర్ మీద రెండు రకాల పనీ నడుస్తుంటే రోల్ వారీగా పెట్టడమే నయం. లేదా ఆ 1,00,000 గీతను పైకి జరపండి. కోట్ల వరుసలను కూడే రిపోర్టులకు జిట్ బాగానే పనికొస్తుంది.

బ్యాకెండ్_బాధితుడు · 3:05

ఆఫ్ చేస్తే 19 మిల్లీసెకన్లు. రోల్‌కి పెట్టేశాను. ఇక రిపోర్టు. ప్లాన్‌లో ముఖ్యమైన ముక్క ఇదీ, అనవసరమైనవి తీసేసి పెడుతున్నా:

నెస్టెడ్ లూప్ (అంచనా వరుసలు 76) (అసలు వరుసలు 1,90,000, లూప్స్ 1)
→ ఇండెక్స్ స్కాన్, ఆర్డర్లు (అంచనా వరుసలు 76) (అసలు వరుసలు 1,90,000, లూప్స్ 1)
→ ఇండెక్స్ స్కాన్, చెల్లింపులు (అంచనా వరుసలు 1) (అసలు సమయం 0.9, అసలు వరుసలు 1, లూప్స్ 1,90,000)

చెల్లింపుల స్కాన్‌కి 0.9 మిల్లీసెకన్లే చూపిస్తోంది. మరి మూడు నిమిషాలు ఎక్కడ పోతున్నాయి?

పాత_డీబీఏ · 3:34

ఇది వివరంగా చెప్పాలి, తీరిగ్గా చదవండి.

ఆ 0.9 ఒక్క లూప్‌కి సగటు. పక్కన లూప్స్ ఎన్ని ఉన్నాయో చూడండి, 1,90,000. గుణిస్తే 1,71,000 మిల్లీసెకన్లు, అంటే 171 సెకన్లు. మీ మూడు నిమిషాలు అక్కడే ఉన్నాయి. వరుసల సంఖ్య కూడా లూప్‌కి సగటే. ప్లాన్ చదవడంలో నూటికి తొంభైమంది బోల్తాపడేది ఇక్కడే.

ఇప్పుడు పై వరుస చూడండి. అంచనా 76, అసలు 1,90,000. ప్లాన్ చేతిలోకి వచ్చాక నేను మొట్టమొదట వెతికేది ఈ రెండు సంఖ్యల మధ్య దూరమే. సమయాల జోలికి తర్వాతే వెళ్తా. 76 వరుసలే వస్తాయనుకుంటే నెస్టెడ్ లూప్‌ను (ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో వెతికే పద్ధతిని) తప్పుపట్టలేం, ఆ సంఖ్యకు అదే సరైన ప్లాన్. తప్పు 76 దగ్గర ఉంది. కాబట్టి నెస్టెడ్ లూప్‌ను ఆఫ్ చేసే సెట్టింగ్ జోలికి వెళ్ళకండి. ఎవరో ఒకరు ఆ సలహా ఇచ్చేస్తారని ముందే చెప్తున్నా.

రెండు ప్రశ్నలు. ఆర్డర్ల మీద ఫిల్టర్లు ఏమేం ఉన్నాయి? చెల్లింపుల భాగం "విత్" క్లాజులో (క్వెరీ పైన పేరు పెట్టి రాసే ఉపక్వెరీగా) రాశారా?

బ్యాకెండ్_బాధితుడు · 3:41

అవునన్నా, విత్‌లోనే ఉంది, మీకెలా తెలిసింది? విత్‌లో ఫలించిన చెల్లింపులను మాత్రం ఏరి, కింద ఆర్డర్లతో జాయిన్ చేస్తాం. ఆర్డర్ల ఫిల్టర్లు మూడు: దేశం, కరెన్సీ, పన్ను విధానం. ఆ టేబుల్‌లో 95 లక్షల వరుసలు ఉన్నాయి.

పాత_డీబీఏ · 4:10

11 నుంచి వచ్చారంటే అడగాల్సిన ప్రశ్నే అది. 11 వరకు విత్ క్లాజు ఒక గోడ. లోపలి భాగాన్ని విడిగా పూర్తిచేసి, ఆ ఫలితాన్ని పక్కన పెట్టుకుని, తర్వాత కింది క్వెరీ నడిచేది. పక్కన పెట్టిన ఫలితానికి ఇండెక్స్ ఉండదు కాబట్టి జాయిన్‌కి హాష్ జాయిన్ (ఒకవైపు వరుసలతో పట్టిక కట్టుకుని రెండోవైపుతో పోల్చే పద్ధతి) ఎంచుకునేది. 12లో ఆ గోడ తీసేశారు. విత్‌లోని భాగాన్ని కింద ఒక్కసారే వాడి, అది రికర్సివ్ (తనను తానే పిలుచుకునేది) కాకుండా, డేటాను మార్చేది కాకుండా ఉంటే, ఇప్పుడు ప్రధాన క్వెరీలో కలిపేస్తుంది. కలిపేశాక చెల్లింపుల టేబుల్ మీద ఉన్న ఇండెక్స్ ప్లానర్‌కు కనిపించింది. "76 ఆర్డర్లే కదా, ఒక్కోదానికీ ఇండెక్స్‌లో చూసొద్దాం" అనుకుంది.

ఇంతకీ ఆ 76 ఎలా వచ్చింది? దేశం ఫిల్టర్‌కు ఎన్ని వరుసలు సరిపోతాయి, 2 శాతం ఉంటాయా? కరెన్సీకి 2 శాతం, పన్ను విధానానికి 2 శాతం. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదని ప్లానర్ అనుకుంటుంది కాబట్టి గుణించుకుంటూ పోతుంది. 95 లక్షల్లో 2 శాతం 1,90,000. అందులో 2 శాతం 3,800. అందులో 2 శాతం 76. కానీ దేశం తెలిస్తే కరెన్సీ తెలిసినట్టే, పన్ను విధానం తెలిసినట్టే. నిజానికి ఉన్నది ఒక్క ఫిల్టరే.

ఈ తప్పు అంచనా 11లోనూ ఉండే ఉంటుంది. గోడ ఉండటం వల్ల దాని దెబ్బ మీకు తగల్లేదు, అంతే.

తక్షణ ఉపాయం: విత్‌లో "యాజ్" తర్వాత "మెటీరియలైజ్డ్" అని ఒక్క మాట చేర్చండి. గోడ మళ్ళీ లేస్తుంది, 11లో ఎలా నడిచిందో అలాగే నడుస్తుంది.

అసలు మందు: ఆ మూడు కాలమ్స్ మీద క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ పెట్టండి, డిపెండెన్సీస్ (కాలమ్స్ మధ్య సంబంధాలు), ఎంసీవీ (ఎక్కువసార్లు వచ్చే విలువల కలయికలు) రెండు రకాలూ. పెట్టాక ఆ టేబుల్‌ను మళ్ళీ అనలైజ్ చేయాలి, లేకపోతే అది ఖాళీ డబ్బానే. ఆ మూడు ఫిల్టర్లతో వచ్చే మిగతా క్వెరీలన్నీ కూడా దీంతో బాగుపడతాయి. మెటీరియలైజ్డ్ అయితే ఈ ఒక్క రిపోర్టునే బాగుచేస్తుంది.

డాల్ఫిన్_బ్యాచ్ · 4:18

దారం మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది మైఎస్‌క్యూఎల్, 5.7 నుంచి 8.0కి వచ్చాం. ఒక జాయిన్ చచ్చేంత నెమ్మది. అనలైజ్ టేబుల్ చేసి చూశా, లాభం లేదు. రెండు కాలమ్స్‌కీ ఇండెక్స్ ఉంది.

లాగ్_చదువరి · 4:25

జాయిన్‌లో ఒక టేబుల్ పాతది, ఒకటి 8.0కి వచ్చాక పుట్టినది, జాయిన్ అయ్యేది టెక్స్ట్ కాలమ్స్ మీద. అంతేనా?

డాల్ఫిన్_బ్యాచ్ · 4:27

అంతే! మంత్రాలేమైనా వచ్చా?

లాగ్_చదువరి · 4:38

8.0లో డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అయింది. మీ పాత టేబుల్ మూడు బైట్ల యూటీఎఫ్8లో ఉండి ఉంటుంది. రెండు సెట్లు వేరైతే పోల్చే ముందు పాత కాలమ్‌ను ప్రతి వరుసకూ మార్చుకోవాలి, దాంతో పాత కాలమ్ మీది ఇండెక్స్ అక్కరకు రాదు. ఎక్స్‌ప్లెయిన్ నడిపిన వెంటనే షో వార్నింగ్స్ కొట్టండి. తిరగరాసిన క్వెరీలో "కన్వర్ట్" అని కనిపిస్తే ఇదే. పాత టేబుల్‌ను కూడా ఎంబీ4కి మార్చేయండి. పెద్ద టేబుల్ అయితే రద్దీ లేని వేళ చూసుకోండి.

ఒకే సమాధానం పదేపదే అడిగే పేజీలు నెమ్మదించాయా? క్వెరీ క్యాష్ 8.0లో పూర్తిగా తీసేశారు, దానికి అప్లికేషన్ వైపే ఏదో ఒకటి చేసుకోవాలి. ఇంకా ఉంటే కొత్త దారం తెరవండి, అక్కడ మాట్లాడదాం.

బ్యాకెండ్_బాధితుడు · సాయంత్రం 5:20

ముందు మెటీరియలైజ్డ్ పెట్టి చూశా, పాత అర నిమిషం వచ్చేసింది. తర్వాత అది తీసేసి ఎక్స్‌టెండెడ్ స్టాటిస్టిక్స్ పెట్టి అనలైజ్ చేశా. అంచనా 1,87,000కి వచ్చింది, ప్లాన్ హాష్ జాయిన్‌కి మారింది, పైగా ప్యారలల్‌గా నడుస్తోంది. 11 సెకన్లు. పాతదానికంటే వేగం! మేనేజరు గారు వెనక్కి వెళ్ళే మాట మానేశారు.

మిగిలింది ఐటమ్ కోడ్ వెతుకులాట. కోడ్‌లు "ఏ-10", "1-1", "11" ఇలా ఉంటాయి.

లాగ్_చదువరి · 5:33

పొద్దున మీరు "కొత్త ఓఎస్" అన్నప్పుడే నాకు గుబులు పుట్టింది. అడగడం ఆలస్యమైంది. పాత మెషిన్‌లో జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) వెర్షన్ ఎంత, కొత్తదాంట్లో ఎంత?

బ్యాకెండ్_బాధితుడు · 5:37

పాతది 2.17. కొత్తది 2.34.

లాగ్_చదువరి · 5:58

అయితే ఇది వేగం సమస్య కాదు, ఇండెక్స్ పాడైన సమస్య. ఈ దారంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

పోస్ట్‌గ్రెస్ అక్షరాల వరుసక్రమాన్ని డీఫాల్ట్‌గా ఓఎస్‌ను అడుగుతుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం బాగా మారింది. మీ కోడ్‌లతోనే చూడొచ్చు. "1-1", "11" ఈ రెండు లైన్లను రెండు మెషిన్లలోనూ యూఎస్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్‌లో సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. పాతదాంట్లో 11 ముందు వస్తుంది, కొత్తదాంట్లో 1-1 ముందు వస్తుంది.

మీ ఇండెక్స్ పాత క్రమంలో పేర్చి ఉంది. రెప్లికాగా ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టు కొత్త ఓఎస్‌కి వచ్చాయి. ఇప్పుడు వెతికే సర్వర్ కొత్త క్రమం ప్రకారం ఎడమకు వెళ్ళాలా కుడికి వెళ్ళాలా అని నిర్ణయించుకుంటోంది. తప్పు కొమ్మలోకి వెళ్ళి "లేదు" అంటోంది. వరుస టేబుల్‌లో నిక్షేపంగా ఉంది. యూనిక్ ఇండెక్స్ అయితే ఇంకా చిక్కు, ఉన్న విలువనే "లేదు" అనుకుని రెండోసారి చేర్చుకోనిస్తుంది.

లాగ్‌లో హెచ్చరిక రాలేదే అంటారేమో. డేటాబేస్ స్థాయిలో కొలేషన్ (అక్షరాల వరుసక్రమం) వెర్షన్ నమోదు చేయడం 15లోనే మొదలైంది. 11లో పాత సంఖ్యే రాసి లేదు, ఇక దేనితో పోలుస్తుంది?

చేయాల్సింది: టెక్స్ట్, వార్‌క్యార్, క్యార్ కాలమ్స్ ఉన్న ప్రతి ఇండెక్స్‌నూ రీఇండెక్స్ కన్‌కరెంట్లీతో తిరిగి కట్టండి. 12 నుంచి ఆ సౌకర్యం ఉంది, రాతలు ఆగవు. పూర్ణాంకాలు, తేదీల ఇండెక్స్‌లకూ, సీ కొలేషన్‌లో (ఓఎస్‌తో పనిలేని బైట్ల క్రమం) ఉన్నవాటికీ ఈ బెడద లేదు. ముందు ఏవి పాడయ్యాయో చూడాలంటే ఏఎంచెక్ ఎక్స్‌టెన్షన్‌లో బీటీ ఇండెక్స్ చెక్ ఉంది. యూనిక్ ఇండెక్స్‌లను కట్టేటప్పుడు డూప్లికేట్ ఎర్రర్ వస్తే ఆగి, ఆ వరుసలను మనిషి కూర్చుని చూసుకోవాల్సిందే.

ఇండెక్స్_పిచ్చి · 6:01

పొద్దుటి నుంచీ నేను రీఇండెక్స్ అనే అంటున్నా.

పాత_డీబీఏ · 6:04

కారణం వేరు చెప్పావు గానీ, సరే, ఈ ఒక్కటీ నీ ఖాతాలో వేసుకో.

బ్యాకెండ్_బాధితుడు · మంగళవారం ఉదయం 9:15

రాత్రి టెక్స్ట్ ఇండెక్స్‌లన్నీ తిరిగి కట్టాం. రెండు యూనిక్ ఇండెక్స్‌లు డూప్లికేట్లతో ఆగాయి, సోమవారం చేరిన వరుసలే. వాటిని మా వాళ్ళు చేత్తో సరిచేశారు. వెతుకులాట ఇప్పుడు సరిగ్గా ఉంది. ఇండెక్స్_పిచ్చి గారికి తృప్తిగా ఉండే వార్త కూడా ఒకటుంది, స్టేటస్ కాలమ్ మీద ఉన్న ఇండెక్స్ సైజు సగానికంటే కిందికి వచ్చింది.

మా దగ్గర ఇలాంటివే ఇంకో రెండు సర్వర్లు ఇదే దారిలో రావాలి. ఈసారి ముందుగా ఏం చేసి పెట్టుకోమంటారు?

పాత_డీబీఏ · 9:40

మారే ముందు పాత సర్వర్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లోని (ఏ క్వెరీకి ఎంత సమయం పట్టిందో నమోదు చేసే ఎక్స్‌టెన్షన్) వివరాలను ఒక మామూలు టేబుల్‌లోకి ఎత్తిపెట్టుకోండి. అది అప్‌గ్రేడ్‌తో రాదు. ఎక్కువ సమయం తినే ఓ యాభై క్వెరీలకు ప్లాన్లు ఫైల్లో దాచుకోండి. సోమవారం మీ దగ్గర పాత ప్లాన్ ఉండి ఉంటే విత్ సంగతి పక్కపక్కన పెట్టి చూడగానే తేలిపోయేది. జీలిబ్‌సీ తేడా ఉంటే ఫైళ్ళ రెప్లికా మానేసి లాజికల్ రెప్లికేషన్‌తో (ఫైళ్ళు కాకుండా వరుసలను పంపే పద్ధతి) తీసుకెళ్ళండి. వరుసలు కొత్తగా చేరతాయి కాబట్టి ఇండెక్స్‌లు కొత్త క్రమంలోనే కడతారు. ఒక్కటే, సీక్వెన్స్‌ల (ఐడీ నంబర్లిచ్చే కౌంటర్ల) ప్రస్తుత విలువలు దాంట్లో రావు, చేత్తో పెట్టుకోవాలి.

పార్టిషన్ టేబుల్స్ ఉంటే పై టేబుల్‌ను (విభాగాలన్నిటికీ తల్లి టేబుల్‌ను) పేరు పెట్టి విడిగా అనలైజ్ చేయండి. ఆటోవాక్యూమ్ దాని జోలికి ఎప్పటికీ వెళ్ళదు.

కొత్త_కోడర్ · 9:52

ఒక చిన్న సందేహం. రిపోర్టుల కోసం రీడ్ రెప్లికా ఉంటే అక్కడ కూడా అనలైజ్ నడపాలా?

రాత్రిడ్యూటీ · 9:58

అక్కర్లేదు, నడపనివ్వదు కూడా, అది చదవడానికే. స్టాటిస్టిక్స్ ప్రైమరీ నుంచి డేటాతో పాటే వస్తాయి. కాన్ఫిగ్ ఫైలు మాత్రం దానిది దానికే వేరు. వర్క్ మెమ్, ర్యాండమ్ పేజ్ కాస్ట్ అక్కడ విడిగా చూసుకోవాలి. రోల్‌కి పెట్టిన జిట్ సెట్టింగ్ ప్రైమరీ నుంచే వచ్చేస్తుంది, దానికోసం మళ్ళీ కష్టపడక్కర్లేదు.